భ్రమరాంబ చేసిన చెవి పరీక్ష

సింగపూర్‌లోని టాంపినీస్‌లో తెలుగువాళ్లు భ్రమరాంబను చాటుగా "చెవులమ్మ" అనేవాళ్లు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. పుట్టినరోజు పార్టీలో పులిహోర వడ్డిస్తూ ఉంటే, ఎవరో పెద్దాయన "ఆఁ?" అని రెండుసార్లు అడిగాడంటే చాలు, గరిటె పక్కన పెట్టి, "అంకుల్, మీకు కుడివైపు ఎన్నేళ్లుగా తగ్గింది?" అని నిలదీసేది. తనకు చెవుడుందన్న సంగతి ఆయన పదిమందిలో తెలుసుకుని ఇంటికెళ్లేవాడు. ఇలాంటి మనిషిని ఎవరు పిలుస్తారు అనుకుంటాం గానీ, అందరూ పిలిచేవాళ్లు. ఎందుకంటే ఆమె చెప్పింది ఒక్కసారీ తప్పు కాలేదు.

ఆమెది కర్నూలు. హైదరాబాదులో ఏడాది డిప్లొమా చేసి, సొంతూళ్లోనే ఓ ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఎనిమిదేళ్లు వినికిడి పరీక్షలు చేసింది. ఢిల్లీ కౌన్సిల్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉంది, పెళ్లి ఫోటోలతో పాటు ఒకే సంచిలో దాచుకుంది. కానీ పరీక్ష చేసేది ఆమె, రిపోర్టు కింద సంతకం పెట్టేది డాక్టరు. ఎనిమిదేళ్లలో ఎన్ని వేల చెవులు చూసిందో లెక్కలేదు, ఒక్క కాగితం మీద కూడా ఆమె పేరు లేదు. అప్పట్లో అది ఆమెకు తప్పుగా తోచలేదు.

కంప్యూటర్ కోర్సు చేసిన ప్రతివాడూ ఎక్కడికో ఒకచోటికి ఎగిరిపోతున్న కాలం అది. భర్త ఈశ్వరరావుది ఒంగోలు. మాట తక్కువ, కీబోర్డు మీద వేళ్లు మాత్రం ఎక్కువ. 2003లో చాంగీ బిజినెస్ పార్క్‌లో ఓ బ్యాంకు కంప్యూటర్ల పని దొరికి సింగపూర్ వచ్చాడు. వెనకే భార్య, ఏడేళ్ల కూతురు శ్రీజ వచ్చారు. భ్రమరాంబ ఇల్లు సర్దుకున్న మూడో వారమే తన సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆసుపత్రులకు బయలుదేరింది. అక్కడ అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఆడియాలజిస్టు కావాలంటే పెద్ద డిగ్రీ ఉండాలన్నారు, ఏడాది డిప్లొమా చాలదన్నారు. ఆ నంబరు ఇక్కడ చెల్లదని చెప్పిన అమ్మాయి, ఆమెకు లిఫ్ట్ దాకా దారి కూడా చూపించింది. ఆ మర్యాదకే భ్రమరాంబకు ఒళ్లు మండింది.

చివరికి ఉద్యోగం దొరికింది ఊరికి ఆ చివర, జురాంగ్ వెస్ట్ పక్కనున్న ఓ చిన్న క్లినిక్‌లో. ఓడల యార్డుల్లో, ఫ్యాక్టరీల్లో మోతలో పనిచేసే కూలీలకు ఏటా చెవి పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష చేసేవాళ్లు దానికోసం పెట్టిన కోర్సు చదివి, రాతపరీక్ష, చేతిపరీక్ష రెండూ పాసై, సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. క్లినిక్‌లో ఆ సర్టిఫికెట్ ఉన్నది వే లింగ్ అనే పాతికేళ్ల అమ్మాయికి. భ్రమరాంబ పనల్లా పేరు పిలవడం, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించడం, తర్వాత వాటిని స్పిరిట్‌తో తుడవడం. దానికోసం రోజూ టాంపినీస్‌లో రైలెక్కి బూన్ లేలో దిగేది. గంటకు పైగా ప్రయాణం, చాలాసార్లు నిలబడే.

ఆ వచ్చేవాళ్లలో ఓబయ్య ఒకడు. రాయచోటి దగ్గరి పల్లె. ఓడ ఒంటికి పట్టిన తుప్పును గొట్టంతో గరుకు రవ్వ కొట్టి వదిలించే బ్లాస్టింగ్ పని, పదమూడేళ్లుగా అదే. ఆ మోత పక్కన నిలబడితే మన మాట మనకే వినపడదు. అలాంటివాడి చెవి రిపోర్టు ఏటా అద్దంలా వచ్చేది. గ్రాఫు మీద గీత పైన ఎక్కడో, చంటిపిల్లాడి చెవిలాగా, తిన్నగా. భ్రమరాంబ మాత్రం అతన్ని ఎడమవైపు నుంచి పిలిస్తే పలకడని మొదటి ఏడాదే కనిపెట్టింది.

రెండో ఏడాది ఆగలేకపోయింది. "ఆ మనిషికి వినపడట్లేదు, మళ్లీ చెయ్యి" అంది వే లింగ్‌తో. వే లింగ్ గ్రాఫు చూపించింది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన కళ్లద్దాలు తీసి, ఓపికగా, "పరీక్ష చేసింది సర్టిఫికెట్ ఉన్న మనిషి. మీరు చెప్పారని నేను రిపోర్టు మార్చలేను" అన్నాడు. ఆయన తప్పు లేదు. కానీ ఆ రోజు ఇంటికొచ్చి భ్రమరాంబ అన్నం తినలేదు. ఎనిమిదేళ్లు ఒకచోట, రెండేళ్లు ఇంకోచోట చెవులు చూసిన మనిషి చెప్పే మాటకు విలువ లేదంటే, ఇక తనకు తెలిసిన విద్య ఎందుకు? తన మాట మీద తన పేరు ఉండాలి. ఆ సర్టిఫికెట్ తెచ్చుకుని తీరాలనుకుంది.

డాక్టరు కోర్సుకు పంపడానికి ఒప్పుకున్నాడు. రాతపరీక్ష అవలీలగా దాటింది. చేతిపరీక్షలో బోల్తా కొట్టింది. ఇరవై నిమిషాల్లో రెండు చెవులూ, లోతు గొంతు నుంచి కీచు గొంతు దాకా ఆరు రకాల కూతలతో చూసి గ్రాఫు గీయాలి. కూత వినపడి కూలీ బటన్ నొక్కితే పది మెట్లు తగ్గించాలి, వినపడకపోతే అయిదు మెట్లు పెంచాలి, అలా తగ్గిస్తూ పెంచుతూ అంచు ఎక్కడుందో పట్టుకోవాలి. కర్నూలులో ముసలివాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మనవల కబుర్లు అడుగుతూ నిదానంగా చేసిన చెయ్యి అది. ఇక్కడ ఒక చెవి ముగిసేసరికి గంట కొట్టారు. డాక్టరు ఇంకొక్క అవకాశం ఇస్తానన్నాడు. ఈసారి కూడా కాకపోతే వేరే అమ్మాయిని కోర్సుకు పంపుతానని మెల్లగానే చెప్పాడు.

ఇక ఇల్లు ఇల్లుగా లేదు. ఈశ్వరరావు రెండు శనివారాలు కూర్చుని ఇంట్లో కంప్యూటర్‌లో కూతల ప్రోగ్రామ్ ఒకటి రాశాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వినపడినప్పుడల్లా మీట నొక్కాలి. శ్రీజను కూర్చోబెట్టి భ్రమరాంబ గడియారం పెట్టుకుని సాధన చేసేది. ఓ సాయంత్రం చూస్తే, పిల్ల హెడ్‌ఫోన్స్ మెళ్లో వేసుకుని, కార్టూన్ చూస్తూ, మీట నొక్కుతోంది. ఒక్కటీ తప్పడం లేదు.

"ఏంటే ఇది?"

"నాన్న ప్రోగ్రామ్ ఎవ్రీ త్రీ సెకండ్స్ కూస్తుంది అమ్మా. జస్ట్ కౌంట్ లా. వై మస్ట్ లిజన్?"

ఈశ్వరరావు నాలుక కరుచుకున్నాడు. లక్షల మంది బ్యాంకు ఖాతాలు తప్పులేకుండా నడిపే మనిషి, కూతకూ కూతకూ మధ్య ఎడం మార్చాలన్న సంగతి మర్చిపోయాడు. భ్రమరాంబకు మాత్రం కోపం రాలేదు. అలాగే నిలబడి ఆలోచనలో పడింది. వినకుండా నొక్కడం ఇంత తేలికైతే, పదమూడేళ్లుగా పరీక్షలు దాటుతున్న ఓబయ్యకు ఇంకెన్ని ఉపాయాలు తెలిసుండాలి? మర్నాటి నుంచి ఆమె మధ్యమధ్యలో ఏ కూతా పంపకుండా ఊరికే ఉండటం, చెయ్యి కదిలించి మోసం చెయ్యడం కూడా సాధన చేసింది. శ్రీజ తిట్టుకుంటూ దొరికిపోతూ ఉండేది.

రెండో చేతిపరీక్ష ఓ సోమవారం పొద్దున. పరీక్ష చేయించుకోవడానికి ఓ కంపెనీ నుంచి అయిదుగురు కూలీలను రప్పించారు. పరీక్షాధికారి మిస్ గోహ్, పొట్టి జుట్టు, నవ్వని ముఖం, మెళ్లో స్టాప్‌వాచ్. భ్రమరాంబ వంతు వచ్చి, తలుపు తీసేసరికి, గాజు కిటికీ ఉన్న ఆ చిన్న గదిలో ఓబయ్య కూర్చుని ఉన్నాడు.

"మేడమ్, మీకా పరీక్ష?" అన్నాడు, మొహం చాటంత చేసుకుని. "ఇంగేం ఫర్లేదు. నేను చూసుకుంటాలే."

ఆ మాటకు అర్థమేమిటో ఆలోచించే తీరిక ఆమెకు లేదు. చెప్పాల్సినవి చెప్పి, హెడ్‌ఫోన్స్ తగిలించి, బయటికొచ్చి యంత్రం ముందు కూర్చుంది. మిస్ గోహ్ గడియారం నొక్కింది.

పని చకచకా సాగింది. కుడి చెవికి ఎర్ర సున్నాలు ఒకదాని పక్కన ఒకటి పైవరసలో కూర్చున్నాయి. ఎడమ చెవి మొదలుపెట్టింది. నీలం ఇంటూ గుర్తులు కూడా పైవరసలోనే. తొమ్మిది నిమిషాలకే ముప్పాతిక భాగం అయిపోయింది. ఈ లెక్కన ఎనిమిది నిమిషాలు మిగులుతాయి. మిస్ గోహ్ గ్రాఫు వైపు చూసి తల కూడా ఊపింది.

భ్రమరాంబ ఏ కూతా పంపకుండా, పంపుతున్నట్టు మోచెయ్యి మాత్రం కొంచెం కదిపింది. లోపల ఓబయ్య బటన్ నొక్కాడు. మళ్లీ కదిపింది. మళ్లీ నొక్కాడు, నిష్ఠగా, ఆమె మోచెయ్యి మీంచి చూపు తిప్పకుండా.

ఇంకో మూడు గుర్తులు పెడితే గ్రాఫు పూర్తి. చెయ్యాల్సినదంతా పద్ధతిగానే చేసింది, టైము ఉంది, ఎవరూ తప్పు పట్టరు. సర్టిఫికెట్ చేతికొస్తుంది. వచ్చాక కావాలంటే ఎన్ని నిజాలైనా రాయొచ్చు. ఇలా తనకు తాను నచ్చజెప్పుకుంటూనే ఆ కాగితం వంక చూసింది. రెండేళ్లుగా వే లింగ్ చేతిలో చూసి తను పళ్లు నూరిన గ్రాఫే అది, అచ్చం అదే. దాని కింద ఇప్పుడు తన పేరు రాయాలి.

సిగ్గేసింది ఆమెకు. కాగితానికి అడ్డంగా ఒక గీత గీసి, లేచి, గది తలుపు తీసింది. కూలీలకు వాళ్ల భాషలో చెప్పొచ్చు గానీ, ఏం చెప్పారో తర్వాత ఇంగ్లీషులో చెప్పాలని నియమం. మిస్ గోహ్ కనుబొమలు పైకి లేచాయి.

"ఓబయ్యన్నా, నీకు ఇనపడి నొక్కుతాండావా, నా మోచెయ్యి చూసి నొక్కుతాండావా?"

ఓబయ్య నవ్వాడు. "మీరేం బయపడొద్దు మేడమ్. ఒగటి గూడా ఇడ్సలేదు నేను. మీరు పాసయినట్లే అనుకోండి."

అప్పుడు అర్థమైంది ఆమెకు. అతని లెక్కలో, చెవి బాగుంటే పరీక్ష పాస్, చెవి బాగాలేకపోతే ఫెయిల్. తను సరిగ్గా వినకపోతే ఆమె ఫెయిలవుతుందని, మన సీమ ఆడబిడ్డ కదా అని, పాపం, చేతనైన సాయం చేస్తున్నాడు.

"అట్ల కాదన్నా. ఇనపడందానికి నువ్వు గమ్ముగా ఉంటేనే నేను పాసయ్యేది. అన్నిటికీ నొక్కితే నేను నీ చెవి యాడ చూసినట్ల?"

అతని మొహంలో నవ్వు పోయింది. "ఇనపడలేదని తెలిస్తే మా కంపెనీ వాళ్లు ఇంటికి పంపిచ్చేస్తారు గదమ్మా."

ఆమె వెనక్కి తిరిగి, ఈ కాగితం ఇతని కంపెనీకి వెళ్తుందా అని మిస్ గోహ్‌ను ఇంగ్లీషులో అడిగింది. వెళ్లదు, మార్కులు వేశాక చింపేస్తాం అంది మిస్ గోహ్, గడియారం చూస్తూ. భ్రమరాంబ ఆ మాట తెలుగులో చెప్పింది. ఓబయ్య బటన్ వైరు పక్కకు జరిపాడు. తర్వాత తనే లేచి, కుర్చీని గోడవైపు తిప్పుకుని, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు.

కొత్త కాగితం. కుడి చెవి, మొదటి రెండు కూతలు పైనే, తర్వాత మెల్లగా దిగుడు. ఎడమ చెవికి వచ్చేసరికి ఆమె కూత పెంచుతూ పోయింది, పెంచుతూ పోయింది, ఓబయ్య చెయ్యి కదల్లేదు. నీలం గుర్తు కాగితం అడుగుకు దిగిపోయింది. ఇంకా రెండు కూతలు మిగిలుండగా మిస్ గోహ్ "టైమ్" అంది.

భ్రమరాంబ పెన్ను కింద పెట్టింది. మళ్లీ తీసి, అడుగున ఇంగ్లీషులో రాసింది. మొదటి గ్రాఫు నమ్మదగింది కాదు, రోగి చూసి నొక్కాడు, రెండోది నిజం కానీ అసంపూర్ణం అని.

"గ్రాఫు బాగా వచ్చింది. ఎందుకు కొట్టేశారు?" అని అడిగింది మిస్ గోహ్.

"పదమూడేళ్లు బ్లాస్టింగ్ చేసిన మనిషికి అలాంటి చెవి ఉండదు మేడమ్."

"అతనితో చాలాసేపు మాట్లాడారు. ఏం చెప్పారో నాకు తెలీదు." ఆ గొంతులో అనుమానం ఉంది. పరీక్షలో రోగికి జవాబులు నేర్పిస్తే నేరం. భ్రమరాంబ ఇంగ్లీషులో చెప్పబోయింది. మిస్ గోహ్ చెయ్యెత్తి ఆపి, ఓబయ్య వైపు తిరిగింది. ఓబయ్య యార్డులో నేర్చుకున్న ఇంగ్లీషంతా కూడగట్టుకున్నాడు.

"మేడమ్, షి సే నో హియర్, నో ప్రెస్. బిఫోర్, ఐ ప్రెస్ ఆల్. ఐ హెల్ప్. షి నో వాంట్ హెల్ప్." కొంచెం ఆగి, ఎడమ చెవి తాకి చూపించాడు. "దిస్ వన్ ఫినిష్ ఆల్రెడీ."

మిస్ గోహ్ తన కాగితం మీద చాలాసేపు ఏదో రాసుకుని, వెళ్లొచ్చని చెప్పింది.

భ్రమరాంబ ఇంటికి వచ్చి ఫెయిలయ్యానని చెప్పేసింది. ఈశ్వరరావు ఓదార్చడం చేతకాక, రెండు కప్పులు టీ పెట్టాడు. మూడు వారాలకు కవరు వచ్చింది. సమయం అన్న చోట సున్నా. ఫలితాల విశ్వసనీయత అన్న చోట పూర్తి మార్కులు. మొత్తం మీద పాస్.

"కన్ఫర్మ్ ప్లస్ చాప్ లా, అమ్మా!" అని శ్రీజ గంతులేసింది. పాసే కాదు, ముద్ర కూడా పడిందని దాని భాష. ఈశ్వరరావు ఆ కాగితాన్ని ఆఫీసుకు పట్టుకెళ్లి ఆరు కాపీలు తీశాడు. ఒకటి తన డెస్కు మీద అంటించుకున్నాడని చాలా రోజులకు తెలిసింది.

ఆ తర్వాత వచ్చిన మార్చిలో ఓబయ్య కంపెనీ వాళ్లు వార్షిక పరీక్షలకు వచ్చారు. ఈసారి యంత్రం ముందు కూర్చుంది భ్రమరాంబే. వే లింగ్ పక్కకు జరిగి, ఓబయ్యను తనే లోపలికి పిలిచి, చూస్తూ నిలబడింది.

"ఓబయ్యన్నా, ఈ కాగితం చింపేది కాదు. డాక్టరుకు పోతాది, మీ కంపెనీకి పోతాది, గవర్నమెంటోళ్లకు గూడా పోతాది. ముందే చెప్తాండా. బాగా ఆలోచన చేసుకో."

ఓబయ్య హెడ్‌ఫోన్స్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "నా బిడ్డ ఫోన్లో ఏం చెప్తాందో ఆర్నెల్ల నుంచి నాకు తెలీడంల్యా మేడమ్. ఊఁ అంటాండా, ఊరికే. అది అడిగిందానికి గూడా ఊఁ అంటాండానంట. ఇంగెంతకాలం నొక్కేది?" అని, కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు.

నలభై నిమిషాలు తీసుకుంది ఆమె. ఇక్కడ గంట కొట్టేవాళ్లెవరూ లేరు. గ్రాఫు పూర్తిచేసి, జీవితంలో మొదటిసారి, పరీక్ష చేసినవారు అన్న చోట తన పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది. సంతోషంగా ఉంటుందనుకుంది గానీ, గ్రాఫును మొదటి నుంచి మళ్లీ సరిచూసుకుంది. డాక్టరు ఆ రిపోర్టు చూసి, ఆమె ముఖం చూసి, మోతకు దూరంగా పని ఇవ్వాలని కంపెనీకి రాశాడు. నెల దాకా ఏ కబురూ లేదు. ఆ నెలంతా భ్రమరాంబ సరిగ్గా నిద్రపోలేదు. నిజం రాసినందుకు ఒక మనిషి విమానమెక్కి వెళ్లిపోవాల్సి వస్తే ఆ పాపం ఎవరిదని తనను తాను అడుగుతూనే ఉంది, జవాబు దొరక్కుండానే మిగతా వాళ్ల చెవులు కూడా అంతే నిజంగా రాస్తూ పోయింది.

ఏప్రిల్ చివర్లో ఓబయ్య మరోసారి పరీక్షకు వచ్చాడు. శుభ్రమైన చొక్కా వేసుకున్నాడు, జేబులో పెన్ను ఉంది. పనిముట్ల స్టోరులో వేశారట. ఎవరు ఏ స్పానరు తీసుకెళ్లారో రాసుకోవడం పని. కుడి చెవి ఇక ఇంతకంటే పాడవదని డాక్టరు చెప్పాడట. ఆ మాట చెప్పి, మార్చిలో తీసిన తన గ్రాఫు ఒకసారి చూపించమని అడిగాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు.

భ్రమరాంబ ఫైలు తీసి బల్ల మీద పరిచింది.

"ఏంది మేడమ్, ఈడ ఇంత గుంత పడింది?"

"అదే నీ ఎడమ చెవి."

అతను ఆ నీలం గుర్తుల వెంట వేలు పెట్టి, గుంతలోకి దిగి, అటువైపు ఎక్కి, ఇంకా కిందికి వచ్చాడు. "ఇది మీ పేరా?"

"నా పేరే."

"ఇంత కింద రాసుకున్నారేంది? పైన రాసుకోవాల్సింది గదా."

ఆమెకు నవ్వొచ్చింది. "కిందనే రాయాలన్నా. పైన ఉండేదంతా నిజమని ఎవరో ఒగరు పూచీ పడాల గదా."

ఓబయ్య ఆ మాటను కుడి చెవితో శ్రద్ధగా విన్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు. "అట్లయితే నా పేరు గూడా ఉండాల మేడమ్. నొక్కింది నేను గదా."

ఆ కాగితంలో రోగి సంతకానికి చోటు లేదు. పెట్టాలని ఏ నియమమూ లేదు, పెట్టకూడదనీ లేదు. భ్రమరాంబ కాగితాన్ని అతని వైపు తిప్పి, తన పేరు పక్కన ఖాళీ చూపించింది. ఓబయ్య ముందుకు వంగి, తెలుగులో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, తన పేరు రాశాడు.